నచ్చజెప్పడానికీ ఏమార్చడానికీ మధ్య

బొమ్మలు సర్దే వేళయింది. 18 మంది పిల్లల్లో 17 మంది లేచి బుట్టల వైపు వెళ్లారు. ఒక నాలుగేళ్ల బాబు మాత్రం కదల్లేదు. చెక్క దిమ్మలతో తను కట్టినదాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని "నేను రాను" అన్నాడు. టీచర్ మొదట మెల్లగా పిలిచింది. తర్వాత "అందరూ వచ్చేశారు చూడు, నువ్వొక్కడివే మిగిలావు" అంది. కదల్లేదు. "మంచి పిల్లలు ఇలా మొండికేస్తారా?" అంది. కదల్లేదు. "గబగబా వచ్చేస్తే స్టిక్కర్ ఇస్తా" అంది. ఒకసారి తలెత్తి చూసి మళ్లీ దించేసుకున్నాడు. చివరికి గొంతు పెంచి "లెక్కపెడుతున్నా... ఒకటీ... రెండూ..." అంది. ఇదంతా జరగడానికి నిమిషం కూడా పట్టలేదు.

నిమిషంలోపు ఇన్ని ఎత్తులు వేసింది గానీ, అతని చేతివైపు మాత్రం చూడలేదు. ఆ చేతిలో ఒక దిమ్మ ఉంది. కట్టినదాని పైన పెట్టాల్సిన ఆఖరి దిమ్మ.

టీచర్‌ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆ నిమిషంలోనే ఆమె వెనక ఒక పాప చెప్పుల కోసం ఏడుస్తోంది, ఇంకొకడు బాత్రూమ్‌కి వెళ్లాలంటున్నాడు, గోడ గడియారం ముందుకు పోతోంది. కిండర్‌గార్టెన్ టీచర్ పనిలో పాఠం చెప్పడం చిన్న ముక్క. మిగతాదంతా ఒప్పించడమే. బూట్లు వేసుకోవడానికి, వంతు వచ్చేదాకా ఆగడానికి, ఇందాక కొట్టిన పిల్లతో మళ్లీ కలిసి కూర్చోవడానికి, ఇంటినుంచి తెచ్చిన బెంగను కాసేపు పక్కన పెట్టడానికి ఎవరో ఒకరిని ఒప్పిస్తూనే ఉండాలి.

అందుకే ఈ టీచర్ల గురించి చేసే పరిశోధనల్లో ఈ మధ్య రెండు మాటలు జంటగా కనిపిస్తున్నాయి. ఒకటి ఒప్పించే నేర్పు, రెండోది మైండ్‌ఫుల్‌నెస్, అంటే చేస్తున్నదాని మీద ధ్యాస ఉంచే ఎరుక. రెండోది ఉన్నవాళ్లకు మొదటిది బాగా వస్తుందన్నది వాదన. వినడానికి బాగానే ఉంది. చిక్కేమిటంటే రెండు మాటలూ జారుడువే. ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకుంటున్నారు. ముడి విప్పి చూడకపోతే చివరికి "మీరు ప్రశాంతంగా ఉండండి, పిల్లలే వింటారు" అనే సలహా దగ్గర తేలుతాం. 30 మంది పిల్లలున్న గదిలో ఒక్క పూట గడిపినవాళ్లెవరూ ఆ సలహా ఇవ్వరు.

ఒప్పించడం అంటే ఏది?

నచ్చజెప్పడం, బుజ్జగించడం, బతిమాలడం, ఆశపెట్టడం, బెదిరించడం, మరిపించడం, ఏమార్చడం, మభ్యపెట్టడం. ఒక్క పనికి ఇన్ని మాటలు ఊరికే పుట్టలేదు. ఇవి ఒకే పని కావు కాబట్టి పుట్టాయి.

నచ్చజెప్పడంలో నచ్చాల్సింది వినేవాళ్లకి. చెప్పేవాళ్లకి నచ్చితే సరిపోదు. బుజ్జగించడంలో మాట కంటే ముందు మనసును దగ్గరకు తీసుకోవాలి. బతిమాలడంలో బరువంతా అడిగేవాళ్ల మీదే. ఆశపెట్టడం, బెదిరించడం మాత్రం అక్కాచెల్లెళ్లు. రెండూ చేయాల్సిన పనిని వదిలేసి, పని తర్వాత వచ్చేదాన్ని చూపిస్తాయి. మరిపించడం చాలా చిన్నపిల్లల దగ్గర న్యాయమైనదే. ఏడుస్తున్న రెండేళ్ల పాపకు కిటికీలోంచి పిట్టను చూపించడంలో మోసమేమీ లేదు. ఏమార్చడం అలా కాదు. అవతలివాళ్ల ధ్యాస ఎక్కడో ఉన్నప్పుడు మన పని కానిచ్చుకోవడం అది. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఒప్పించడానికి మూడు దారులున్నాయని అరిస్టాటిల్ ఎప్పుడో చెప్పాడు. చెప్పేవాడి మీద నమ్మకం, వినేవాడి మనసులో కదలిక, మాటలోని తర్కం. పెద్దవాళ్ల విషయంలో 1980లలో మనస్తత్వవేత్తలు రిచర్డ్ పెట్టీ, జాన్ కాచియోప్పో దీన్నే ఇంకోలా విడదీశారు. విషయం మీద శ్రద్ధా, ఆలోచించే తీరికా ఉంటే మనిషి వాదన బలాన్ని తూచి చూస్తాడు. అవి లేకపోతే చెప్పేవాడి వేషం, గొంతు, చుట్టూ ఎంతమంది ఒప్పుకున్నారన్న పైపై గుర్తులను పట్టుకుని నిర్ణయానికొస్తాడు.

నాలుగేళ్ల పిల్లల దగ్గర తర్కం దారి మూసుకుపోలేదు గానీ చాలా ఇరుకు. 1983లో హైంజ్ విమ్మర్, యోసెఫ్ పెర్నర్ పిల్లలకు ఒక చిన్న కథ చెప్పారు. మాక్సీ అనే పిల్లవాడు చాక్లెట్‌ను ఒక అల్మారాలో పెట్టి బయటికి వెళ్తాడు. అతను లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకో అల్మారాలోకి మారుస్తుంది. తిరిగొచ్చిన మాక్సీ ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు ఇప్పుడు చాక్లెట్ ఎక్కడుందో అక్కడే అంటారు. తమకు తెలిసింది మాక్సీకి తెలియకపోవచ్చన్న ఊహ వాళ్లకు ఇంకా అందదు. నాలుగు దాటాక మెల్లమెల్లగా అందుతుంది. ఇప్పుడు కిండర్‌గార్టెన్ గదికి రండి. "నువ్వు అలా లాక్కుంటే ఆ పాపకు ఎలా ఉంటుందో ఆలోచించు" అని మనం అలవోకగా అనేస్తాం. ఆ వాక్యం అడుగుతున్న పని, గదిలో సగం మందికి ఇప్పుడిప్పుడే చేతనవుతున్న పని.

అలాగని పిల్లలు దేన్నీ తూచి చూడరనుకుంటే పొరపాటు. వాళ్లు మాటను కాక మనిషిని తూస్తారు. 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు చేసిన ప్రయోగం నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ఇష్టమైనది. 28 మంది, మూడు నుంచి ఐదేళ్ల పిల్లలు. పరిశోధకురాలు మంచి రంగులు తెస్తానని చెప్పి వెళ్లింది. సగం మందికి నిజంగానే తెచ్చింది. మిగతా సగం దగ్గరికి ఉత్తచేతులతో వచ్చి, అయిపోయాయట, ఉన్నవాటితోనే వేసుకో అంది. స్టిక్కర్ల విషయంలోనూ అదే జరిగింది. ఆ తర్వాత వాళ్ల ముందు మార్ష్‌మాలో అనే మిఠాయి పెట్టి, నేను వచ్చేదాకా తినకుండా ఆగితే ఇంకొకటి ఇస్తానంది. మాట నిలబెట్టుకున్న మనిషి కోసం పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి కోసం 3 నిమిషాలు. పూర్తిగా 15 నిమిషాలూ ఆగినవాళ్లు మొదటి గుంపులో 14 మందిలో 9 మంది, రెండో గుంపులో ఒక్కరే.

ఆ రెండో గుంపు పిల్లలకు ఓర్పు లేదనలేం. వాళ్లు లెక్క సరిగ్గానే వేసుకున్నారు. "ఐదు నిమిషాల్లో వస్తా", "రేపు నీకే మొదటి వంతు" అని రోజూ నోటికొచ్చిన మాట ఇచ్చి మరిచిపోయే టీచర్‌కి ఎన్ని మాటల నేర్పులు నేర్పినా ఏం లాభం? ఒప్పించే శక్తి ఆమె అడిగే క్షణంలో ఉండదు. అది నిన్న, మొన్న ఇచ్చిన మాటల్లో ఉంటుంది.

స్టిక్కర్, బెదిరింపు, "మంచి పిల్లలు"

మన టీచర్ వేసిన ఎత్తులను ఇప్పుడు ఒక్కొక్కటే తీసుకుందాం. వీటిలో కొన్నిటిని పరిశోధకులు ఇంచుమించు ఇదే వయసు పిల్లల మీద పరీక్షించి చూశారు.

స్టిక్కర్ సంగతి. 1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ స్టాన్‌ఫర్డ్‌లోని ఒక నర్సరీ బడిలో స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే ముందునుంచే ఇష్టమున్న పిల్లలను ఎంచుకున్నారు. కొందరికి బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి అసలేమీ ఇవ్వలేదు. వారం పది రోజులు గడిచాక పెన్నులను మళ్లీ మామూలుగా గదిలో పెట్టి చూస్తే, ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగం సేపే వాటితో గడిపారు. చెప్పకుండా బహుమతి ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. బహుమతి పాడుచేయలేదు, బేరం పాడుచేసింది. దీన్నిబట్టి స్టిక్కర్లన్నీ చెడ్డవనీ అనకూడదు. ఇష్టం లేని పనికి స్టిక్కర్ ఇస్తే పోయే ఇష్టమేమీ ఉండదు. ఇష్టంగా చేసే పనికి బేరం పెట్టినప్పుడే నష్టం.

బెదిరింపు సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. 1963లో ఎలియట్ ఆరన్సన్, మెరిల్ కార్ల్‌స్మిత్ 22 మంది చిన్నపిల్లలకు చాలా ఇష్టమైన బొమ్మ ఒకటి చూపించి దాంతో ఆడొద్దన్నారు. ఒకసారి మెత్తగా, ఆడితే నాకు నచ్చదన్నట్టు చెప్పారు. ఇంకోసారి గట్టిగా బెదిరించారు. రెండుసార్లూ పిల్లలు ఆ బొమ్మను ముట్టుకోలేదు. అంటే అప్పటికి రెండూ పనిచేసినట్టే. తేడా తర్వాత తేలింది. ఆ బొమ్మ ఎంత ఇష్టమని మళ్లీ అడిగితే, మెత్తగా చెప్పినప్పుడు 8 మందికి దాని మీద మోజు తగ్గింది. గట్టిగా బెదిరించినప్పుడు ఒక్కరికీ తగ్గలేదు. పెద్ద బెదిరింపు పిల్లవాడికి "భయపడి ఆగాను" అన్న సాకు ఇచ్చేస్తుంది. చిన్న మాటతో ఆగినవాడు, తను ఎందుకు ఆగాడో తనకు తానే చెప్పుకోవాలి. ఆ చెప్పుకోవడంలోనే మనసు కాస్త మారుతుంది. అంటే పని జరిపించడానికి సరిపోయేంత ఒత్తిడే పెట్టాలి, చిటికెడు కూడా ఎక్కువ పెట్టకూడదు. ఆ చిటికెడు ఎంతో ఎలా తెలుస్తుంది? పిల్లవాడి ముఖం చూస్తే తెలుస్తుంది. చూడకపోతే తెలియదు.

"మంచి పిల్లలు ఇలా చేస్తారా" అన్న మాటకు దగ్గరి చుట్టం ఒకటుంది. 2014లో క్రిస్టఫర్ బ్రయన్ బృందం మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్లో కొందరితో సాయం చేయడం గురించీ, కొందరితో సాయం చేసే మనిషిగా ఉండడం గురించీ మాట్లాడింది. రెండోది విన్న పిల్లలు ఎక్కువగా లేచి సాయం చేశారు. కానీ 2018లో వచ్చిన మరో అధ్యయనంలో రెండో వైపు బయటపడింది. అలా బిరుదు తగిలించుకున్న పిల్లలు సాయం చేయబోయి తడబడితే, మిగతావాళ్ల కంటే ఎక్కువగా నీరుగారిపోయారు. గ్లాసు ఒలికిపోతే పోయింది నీళ్లే అనుకోవాల్సిన పిల్ల, పోయింది నా మంచితనం అనుకుంటుంది.

"నువ్వొక్కడివే మిగిలావు" అన్నది మనస్తత్వవేత్త రాబర్ట్ చాల్డినీ చెప్పే సామాజిక రుజువు, అంటే అందరూ చేస్తున్నారు కాబట్టి నువ్వూ చెయ్యి అనడం. పెద్దవాళ్ల మీద బాగానే పారుతుంది. తన కట్టడంలో మునిగిపోయిన నాలుగేళ్లవాడికి మిగతా 17 మంది ఎక్కడున్నారో పట్టదు. ఇక ఒకటీ రెండూ లెక్కపెట్టడం సంగతి చెప్పక్కర్లేదు. స్వేచ్ఛను లాక్కోబోతే మనిషి దాన్నే గట్టిగా పట్టుకుంటాడని 1966లో జాక్ బ్రెమ్ సిద్ధాంతం చేశాడు. ఆ సంగతి తెలియని అమ్మలెవరూ అప్పటికే లేరనుకోండి.

ఎరుక రెండు ఊటలనుంచి వచ్చింది

మైండ్‌ఫుల్‌నెస్ అన్న ఆంగ్ల పదాన్ని బౌద్ధుల పాళీ మాట "సతి"కి అనువాదంగా 1881లో రైస్ డేవిడ్స్ వాడాడు. సంస్కృతంలో అదే స్మృతి. 1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యశాలలో దీర్ఘకాలం నొప్పులతో బాధపడేవాళ్ల కోసం కొన్ని వారాల శిక్షణగా దీన్ని మలిచాడు. మతం, పునర్జన్మ, మోక్షం అన్నీ పక్కన పెట్టి, కావాలని, ఈ క్షణం మీద, మంచీచెడూ తీర్పు చెప్పకుండా ధ్యాస పెట్టడం అన్నంతవరకు తీసుకున్నాడు. ఊపిరిని గమనించడం, ఒళ్లంతా గమనించుకోవడం ఈ ఊటవే. ఇప్పుడు టీచర్ల శిక్షణల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

రెండో ఊట గురించి చెప్పేవాళ్లు తక్కువ. టీచర్లకు అదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. హార్వర్డ్‌లో మనస్తత్వవేత్త ఎలెన్ లాంగర్ ధ్యానం ఊసే లేకుండా ఇదే మాట వాడింది. ఆమె దృష్టిలో ఎరుక అంటే కొత్త తేడాలను గమనిస్తూ ఉండడం. దాని వ్యతిరేకం, పాత అలవాటు నడిపిస్తుంటే మనిషి లేకుండానే పని జరిగిపోవడం. 1978లో ఆమె బృందం జిరాక్స్ మెషీన్ దగ్గర చేసిన ప్రయోగం ఒప్పించడానికీ ఎరుకకూ మధ్య ఉన్న దారాన్ని చేతికందిస్తుంది.

ఎవరో కాపీలు తీసుకోబోతుండగా ఒక మనిషి వచ్చి "నావి ఐదు పేజీలు, ముందు తీసుకోనా?" అని అడుగుతాడు. 60 శాతం మంది సరేనన్నారు. "తొందరలో ఉన్నా" అని కారణం చేర్చితే 94 శాతం. "ఎందుకంటే కాపీలు తీసుకోవాలి" అన్నా 93 శాతం! అది కారణమే కాదు. జిరాక్స్ దగ్గరికి ఎవరైనా కాపీల కోసమే వస్తారు. "ఎందుకంటే" అన్న మాట చెవిన పడగానే తలలు వాటంతటవే ఊగాయి. కానీ పేజీలు 20 అనేసరికి ఆ డొల్ల కారణం పారలేదు. ఏమీ చెప్పనివాళ్లకు ఎంతో దానికీ అంతే, 24 శాతం. అసలైన కారణానికి మాత్రం 42. తమ మీద బరువు పడేసరికి మనుషులు మేలుకున్నారు.

ఇప్పుడు పక్కన పెట్టిన ఆ మాట దగ్గరికి వద్దాం. ఏమరు అంటే ధ్యాస తప్పడం. ఏమరుపాటు దాన్నుంచి వచ్చింది. ఏమార్చడం అంటే అవతలివాళ్లను ఏమరేలా చేయడం. ఎరుక లేకపోవడానికీ మోసగించడానికీ ఒకే వేరు. (సంస్కృతంలో ప్రమాదం అన్న మాటకు మొదటి అర్థం కూడా ఏమరుపాటే. దెబ్బలు తగలడం తర్వాత చేరింది.) మాటలు ఒక్కోసారి సిద్ధాంతాల కంటే ముందే నడుస్తాయి. నచ్చజెప్పడానికి ఇద్దరూ మేలుకుని ఉండాలి. ఏమార్చడానికి వినేవాడు నిద్రలో ఉంటే చాలు.

అయితే కిండర్‌గార్టెన్ గదిలో ఏమరేది చాలాసార్లు పిల్లవాడు కాదు, టీచర్. దిమ్మల ముందు కూర్చున్నవాడు పూర్తి మెలకువలో ఉన్నాడు. వాడి ధ్యాస అంతా వేళ్ల చివర ఉంది. స్టిక్కర్, లెక్క, "మంచి పిల్లలు" ఆమె ఎంచుకుని అన్న మాటలు కావు. నోటికి అలవాటై వాటంతటవే దొర్లిన మాటలు. జిరాక్స్ దగ్గర "ఎందుకంటే" వినగానే తలూపిన జనంలా, "రాను" అని వినగానే ఆమె నోరు కదిలింది.

"రాను" అన్న తర్వాత

కాబట్టి ఎరుక ఒప్పించడానికి కొత్త మాటలేమీ నేర్పదు. పాత మాటలు దొర్లకుండా కాస్త అడ్డం పడుతుంది, అంతే. ఆ కాస్తలో చూడడానికి చోటు దొరుకుతుంది.

1970లలో విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో తరగతి గదుల్లో రికార్డు చేసిన టేపులు విని ఒక చిన్న సంగతి కనిపెట్టింది. ప్రశ్న వేశాక టీచర్ జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకను. ఆ తర్వాత మళ్లీ తనే అడుగుతుంది, లేదా ఇంకొకరిని అడుగుతుంది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు విప్పారు, "తెలీదు" అనడం తగ్గింది. మూడు సెకన్లు ఆగడం సులువనిపిస్తే ఒకసారి ఎవరితోనైనా మాట్లాడుతూ మనసులో లెక్కపెట్టి చూడండి. రెండో సెకనుకే నాలుక దురద పెడుతుంది. రో పరిశీలించింది పాఠం ప్రశ్నలను. నిరాకరణకూ అదే సరిపోతుందని అనడం నా ఊహ, కానీ గుడ్డి ఊహ కాదు. "రాను" అన్నది కూడా జవాబు కోసం ఎదురుచూసే మాటే.

మన టీచర్ ఆ మూడు సెకన్లు ఆగిందనుకుందాం. ముందు తన ఒంట్లో ఏం జరుగుతోందో ఆమెకు తెలుస్తుంది. దవడ బిగుసుకుంది, భుజాలు లేచాయి, చూపు గడియారం మీద ఉంది. కోపం అప్పుడే రాలేదు గానీ గుమ్మం దగ్గరికి వచ్చింది. అది తెలిస్తే చాలు, తగ్గించుకోవాల్సిన పని కూడా లేదు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుంటుంది. కింద కూర్చుంటే పై నుంచి కనిపించనిది కనిపిస్తుంది. అప్పుడు చెయ్యి కనిపిస్తుంది, చేతిలో దిమ్మ కనిపిస్తుంది.

"ఇది ఎక్కడ పెట్టాలి నాన్నా?"

"పైన. జెండా."

"అది పెట్టేస్తే అయిపోయినట్టేనా?"

వాడు తల ఊపుతాడు. పెడతాడు. రెండు క్షణాలు చూసుకుంటాడు. ఆ తర్వాత దాన్ని విప్పడానికి ఇంకో గొడవ రావచ్చు, అది వేరే సంగతి. వాడు కాదన్నది సర్దడాన్ని కాదు, ముగించకుండా వదిలేయడాన్ని. ఈ రెంటికీ మధ్య తేడా తెలియని ఒప్పింపు ఎంత నేర్పుగా ఉన్నా తలుపు పక్కన గోడను తోసినట్టే. 1840లో ఈ బడికి కిండర్‌గార్టెన్, అంటే పిల్లల తోట, అని పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ తన బోధన సామగ్రిలో చెక్క ఘనాలకు పెద్దపీట వేశాడు. చిన్నపిల్లవాడు తలలో ఉన్నదాన్ని చేతులతో బయటపెడతాడని అతని నమ్మకం. ఆ లెక్కన, వాడు మాట మధ్యలో ఉన్నాడు. మధ్యలో ఆపేయమంటే పెద్దవాళ్లకు మాత్రం మండదా?

ఇంకో మాట. దిమ్మను చూసినంత మాత్రాన ప్రతిసారీ పిల్లవాడు వస్తాడని కాదు. కొన్నిసార్లు రాడు. అప్పుడు "ఇప్పుడు వెళ్లాలి, నీకు కోపంగా ఉందని నాకు తెలుసు, అయినా వెళ్లాలి" అని చెయ్యి పట్టుకుని నడిపించాలి. ఒప్పించడం అయిపోయిందని ఒప్పుకోవడం కూడా ఎరుకే. తీరా నిర్ణయం మనదే అయినప్పుడు "వస్తావా మరి?" అని ప్రశ్నలా అడగడం పిల్లలకు చేసే చిన్న అన్యాయం. వాళ్లు "రాను" అంటారు, అప్పుడు కాదన్నందుకు తిడతాం.

కొలతలు ఎంతవరకు నమ్మాలి?

ఈ జంట మీద వచ్చే అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఒక పద్ధతిలో నడుస్తాయి. టీచర్లకు రెండు ప్రశ్నావళులు ఇస్తారు, ఒకటి ఎరుకను, ఇంకొకటి ఒప్పించే నేర్పును కొలవడానికి. రెండు మార్కులూ కలిసి పెరిగితే సంబంధం ఉందంటారు. ఇందులో గమనించాల్సినవి ఉన్నాయి. రెంటికీ జవాబు రాసేది ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే మూడ్‌లో. తన గురించి తనకు మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు రెండు చోట్లా మంచి మార్కులు వేసుకుంటారు. పైగా ఏది ముందు, ఏది వెనక అన్నది తేలదు. ఎరుక ఉంటే పిల్లలు వింటారా, పిల్లలు వింటుంటే మనసు కుదురుగా ఉంటుందా? 12 మంది పిల్లలు, తోడుగా ఒక ఆయమ్మ ఉన్న గదిలో రెండూ ఎక్కువే కనిపిస్తాయి. 35 మందిని ఒంటిచేత్తో చూసుకునే గదిలో రెండూ తగ్గుతాయి. తేడా టీచర్‌ది కాదు, గదిది.

ఎరుకను కొలిచే ప్రశ్నావళిలో ఒక తమాషా ఉంది. 2003లో కిర్క్ బ్రౌన్, రిచర్డ్ రయన్ తయారుచేసిన 15 ప్రశ్నల కొలబద్ద బాగా వాడకంలో ఉంది. అందులో ప్రతి వాక్యమూ ధ్యాస తప్పడం గురించే. చేస్తున్నదేమిటో తెలియకుండా చేసుకుపోవడం, పరధ్యానంలో వస్తువు పగలగొట్టడం, అలాంటివి ఎంత తరచుగా జరుగుతాయని అడుగుతుంది. అంటే అది కొలిచేది ఎరుకను కాదు, ఏమరుపాటును. పైగా ఎంత ఏమరుపాటుగా ఉన్నామో గమనించాలన్నా కాస్త ఎరుక కావాలి. బొత్తిగా లేనివాళ్లు తమకు పూర్తిగా ఉందని రాసుకోవచ్చు.

ఇంతకంటే గట్టి రుజువు ఉంది. ప్యాట్రిషియా జెన్నింగ్స్, మార్క్ గ్రీన్‌బర్గ్ 2009లో టీచర్ మనస్థితి తరగతి వాతావరణంగా ఎలా మారుతుందో ఒక నమూనా ఇచ్చారు. ఆ దారిలోనే కేర్ అనే మైండ్‌ఫుల్‌నెస్ శిక్షణను న్యూయార్క్‌లో 36 ప్రాథమిక బడుల్లో 224 మంది టీచర్ల మీద, శిక్షణ ఎవరికి ఇవ్వాలో చీటీ తీసినట్టు నిర్ణయించి, పరీక్షించారు. ఫలితాలు 2017లో వచ్చాయి. శిక్షణ పొందినవాళ్లలో మానసిక ఒత్తిడి, ఎప్పుడూ టైం చాలదన్న ఆదుర్దా తగ్గాయి. అంతకంటే ముఖ్యం, ఎవరికి శిక్షణ ఇచ్చారో తెలియని పరిశీలకులు గదిలో కూర్చుని చూసినప్పుడు కూడా, పిల్లలకు దక్కే భావోద్వేగపు ఆసరాలో తేడా కనిపించింది. పెద్ద తేడా కాదు, కానీ టీచర్ తనకు తాను వేసుకున్న మార్కు కాదు.

అలాగని ఎగిరి గంతేయకూడదు. బ్రిటన్‌లో మిరియడ్ పేరుతో 84 బడుల్లో, 8 వేల మందికి పైగా పిల్లలతో చేసిన ప్రయోగం 2022లో వెలువడింది. 11 నుంచి 13 ఏళ్ల పిల్లలకు బడిలో మైండ్‌ఫుల్‌నెస్ పాఠాలు చెప్పిస్తే, మామూలుగా చెప్పే పాఠాల కంటే వాళ్ల మానసిక ఆరోగ్యానికి ఒరిగిందేమీ లేదు. పాఠం చెప్పిన టీచర్లలో మాత్రం అలసట కొంత తగ్గింది. ఏడాది తిరిగేసరికి ఆ మేలూ నిలవలేదు. ఇది పెద్దపిల్లల సంగతి నిజమే. అయినా ఒక సూచన ఉంది. ఎరుకను పిల్లలకు పాఠంగా నూరిపోయడం వేరు, పెద్దవాళ్లు దాన్ని తమ దగ్గర ఉంచుకోవడం వేరు.

నవ్వు ముఖం ఎరుక కాదు

ఈ విషయంలో నాకు కోపం తెప్పించేది ఒకటుంది. టీచర్లు అలిసిపోతున్నారంటే మైండ్‌ఫుల్‌నెస్ వర్క్‌షాప్ పెట్టి చేతులు దులుపుకోవడం. 1983లో సమాజశాస్త్రజ్ఞురాలు ఆర్లీ హోక్‌షీల్డ్ విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లను పరిశీలించి, ముఖం మీద భావాన్ని జీతం కోసం తయారుచేయడం కూడా శ్రమేనని చెప్పింది. కిండర్‌గార్టెన్ టీచర్ చేసేదీ అదే శ్రమ. లోపల ఉడికిపోతూ పైకి తియ్యగా "రా బంగారం" అనడం ఎరుక కాదు, నటన. పిల్లలకు మాటల అర్థం ఆలస్యంగా తెలుస్తుందేమో గానీ గొంతులో బిగువు వెంటనే తెలుస్తుంది. తియ్యటి మాటా, బిగిసిన చెయ్యీ ఒకేసారి అందితే వాళ్లు చేతినే నమ్ముతారు.

పిల్లల సంఖ్య తగ్గించడం, ఇంకో మనిషిని తోడివ్వడం, మధ్యాహ్నం పది నిమిషాలు ఒంటరిగా కూర్చోనివ్వడం యాజమాన్యాల పని. అవి చేయకుండా ఊపిరి గమనించుకోమంటే, అది యాజమాన్యం టీచర్లను ఏమార్చడమే.

తల్లిదండ్రుల సంగతి ఒక్క ముక్కలో చెప్పాలి. "మీ వాడు ఈ రోజు ఒకరిని కొరికాడు" అని సాయంత్రం గుమ్మంలో చెప్పడం టీచర్‌కి రోజు మొత్తంలో అతి కష్టమైన ఒప్పింపు. అక్కడా పొరపాటు అదే. ఎదుటి మనిషి ముఖంలో కనిపించేది కోపమా, సిగ్గా అని చూడకముందే వివరణ మొదలవుతుంది. సిగ్గుపడుతున్న తండ్రికి పిల్లల మనస్తత్వం మీద ఉపన్యాసం అక్కర్లేదు. "ఈ వయసులో చాలామంది చేస్తారండీ, ఇద్దరూ ఇప్పుడు మళ్లీ ఆడుకుంటున్నారు" అంటే ముందు భుజాలు దిగుతాయి. మిగతా మాట రేపు పొద్దున చెప్పుకోవచ్చు.

ఎరుక నేర్పుతామనే శిక్షణ నిజంగా పనిచేస్తోందా అని ఏ బడికైనా తెలుసుకోవాలనుంటే ప్రశ్నావళి అక్కర్లేదు. తల్లిదండ్రుల అనుమతి తీసుకుని, బొమ్మలు సర్దే పది నిమిషాలు ఒక ఫోన్‌లో రికార్డు చేసి, టీచర్ ఒక్కతే కూర్చుని వింటే చాలు. పిల్లవాడు "రాను" అన్న దగ్గర ఆపి, తన తర్వాతి మాట వచ్చేదాకా ఎన్ని సెకన్లు గడిచాయో ఒక కాగితం మీద రాసుకోవాలి. శిక్షణకు ముందు ఒకసారి, రెండు నెలలు పోయాక ఒకసారి. ఆ కాగితం ఎవరికీ చూపించనవసరం లేదు, పై అధికారికి అసలే వద్దు.